నాయన రింగులోకి ఎక్కిన రోజు

మా బాక్సింగ్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒకాయన ప్రశ్న పెట్టాడు. మీరు చూసిన మొట్టమొదటి ఫైటు ఏది, ఎవరితో కలిసి చూశారు అని. ఇక చూడండి, మెసేజుల మీద మెసేజులు. ఒకరు తాతయ్య పక్కన కూర్చుని పాత టీవీలో చూశారట. ఒకరు హాస్టల్ గోడ దూకి పోయి హోటల్ టీవీలో చూశారట. అందరివీ తీపి జ్ఞాపకాలే. చదువుతూ ఉంటే నాకు ఒళ్ళు మండింది.

నా మొదటి ఫైటు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు పటపటమంటాయి. నేను అభిమానంతో దానికి పోలేదు. ఒకడు తన్నులు తింటుంటే కళ్ళారా చూడాలని పోయాను. వాడి ముక్కులోంచి రక్తం రావాలి, అది మా నాయన చూడాలి. ఆ రోజు నాకు కావలసింది అంతే, ఇంకేమీ వద్దు.

ఎందుకంత పగో చెప్పాలంటే ఆ ఫైటుకు మూడేళ్ళు వెనక్కి పోవాలి.

మాది ఉదయగిరి. నాయన చెక్క గరిటెలు చేస్తాడు. కొండ మీంచి వచ్చే నర్ది కర్రను కోసి, చెక్కి, ఆకురాయితో అరగదీసి గరిటెలూ స్పూన్లూ ఫోర్కులూ తీస్తాడు. పని నున్నగా ఉంటుంది, మనిషి కూడా అంతే. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. నేను పదో తరగతి పరీక్షలు రాసేసిన వేసవిలో, నెల్లూరులో ఒక షాపుకు సరుకు ఇవ్వడానికి పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. గరిటెల మూటను పాత పంచెలో కట్టుకున్నాడు.

బస్టాండులో జనం విరగబడి ఉన్నారు. మా వైపు బస్సెక్కే పద్ధతి అందరికీ తెలిసిందే. బస్సు ఇంకా ఆగకముందే వెంటబడి పరిగెత్తి, కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో సీటు మీద వేస్తారు. అది వేసినవాడిదే సీటు. ముందు లోపలికి ఎక్కినవాడు ఆ గుడ్డను చూసి పక్కకు తప్పుకోవాలి. ఎక్కడా రాసి ఉండదు గానీ, ప్రభుత్వం పెట్టిన రూల్సు కన్నా గట్టిగా నడుస్తుంది.

నాయన నన్ను ముందు తోసి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. మూట ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆ మూట అడ్డంగా ఉండబట్టి సీటు మీద పడి ఉన్న కర్చీఫును చూడలేదు. దాని మీదే కూర్చున్నాడు. చేసిన నేరం అదీ.

రెండు నిమిషాలకు ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. మర్రిపాడు వైపు పెద్ద రైతు కుటుంబం వాళ్ళ అబ్బాయి. ఆ ఇంటి మనుషులు చెప్పిందే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తీర్పు. చేతులకు కడియాలు, వెనకాల ఒక స్నేహితుడు.

"లెయ్. నా కర్చీఫు యాడ?" అన్నాడు.

నాయన కంగారుగా కొంచెం లేచి, కింద నలిగిపోయిన కర్చీఫును తీసి, దులిపి ఇచ్చాడు. "చూసుకోలేదబ్బా. మూట ఉండాది కదా, కనపడలేదు" అన్నాడు. "పాప ఉండాది, కొంచెం సర్దుకుందాం" అన్నాడు.

"నీ కింద పెట్టుకున్న గుడ్డ నేను మొఖానికి తుడుచుకోవాల్నా?" అని వాడు నాయన చెంప మీద కొట్టాడు. చెయ్యి వెనక్కి తీసి, చాలా తీరిగ్గా. బస్సంతా వినపడింది.

మూట జారి కింద పడింది. ముడి ఊడిపోయింది. గరిటెలు సీట్ల కిందికి దొర్లుకుంటూ పోయాయి.  నాయన వంగి, మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.

బస్సులో ఉన్నవాళ్ళు అప్పుడు చేసిన సాయం ఏమిటో తెలుసా? కాళ్ళు పైకెత్తారు. నాయన చెయ్యి సీటు కిందికి పోవడానికి వీలుగా, పాపం, కాళ్ళు పైకెత్తి పట్టుకున్నారు. పేపరు చదువుతున్న ఒక పెద్దమనిషి పేపరు దించకుండానే ఎత్తాడు. పూలబుట్ట ఆవిడ బుట్టను కూడా ఎత్తుకుంది. మా స్కూల్లో పాఠం చెప్పిన మాస్టరు ఒకాయన రెండు వరసల ముందు ఉన్నాడు, ఆయన ఎత్తాడు. కండక్టరు వెనక్కి తిరిగి టికెట్లు కొట్టుకున్నాడు. తరువాత నాయన నన్ను లేపి, మా సీటును వాళ్ళిద్దరికీ ఇచ్చేశాడు. ఆత్మకూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. తువ్వాలుతో ఒక్కొక్క గరిటె తుడిచి మూటలో పెడుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మతో కూడా ఆ విషయం ఎత్తలేదు. నన్నూ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి పడుకునే ముందు ఆ బస్సులోని వాళ్ళందరినీ వరసపెట్టి తిట్టుకోవడం నాకు అలవాటైంది. మొదట వాడు. తరువాత వాడి స్నేహితుడు. తరువాత కండక్టరు, మాస్టరు, పేపరాయన, పూలబుట్టావిడ. ఎవర్నీ వదిలేదాన్ని కాదు.

డిగ్రీకి ఆత్మకూరులో చేరాను. మొదటి సంవత్సరంలోనే బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ చూసి ఆగిపోయాను. ఎవరో నాయకుడి పుట్టినరోజట, ఆటల పోటీలు పెడుతున్నారు. ఎప్పుడూ ఉండే కబడ్డీ, వాలీబాల్ కాకుండా ఆ ఏడు కొత్తగా బాక్సింగ్ కూడా పెట్టారు. ఫ్లెక్సీ మధ్యలో గ్లౌజులు తొడుక్కుని, గడ్డం కింద పెట్టుకుని నవ్వుతున్నాడు. వాడే. కర్చీఫు వాడు.

 నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎందుకంటే మా మేనమామ కొడుకు నెల్లూరులో రెండేళ్ళుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి బావకు అంతా చెప్పాను. బస్సు, కర్చీఫు, చెంపదెబ్బ, గరిటెలు. అమ్మకు కూడా చెప్పని సంగతి.  "వాడి వెయిట్ ఎంత?" అని ఒక్కటే అడిగాడు బావ. కనుక్కున్నాను. బావ మూడు కేజీలు ఎక్కువున్నాడు. వాడి వెయిట్‌లోనే పేరిచ్చి, అంతకు తగ్గమన్నాను. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఏం తిన్నావని పోలీసులా అడిగేదాన్ని.

"నీ పగకు నా కడుపు మాడతా ఉండాది" అనేవాడు.

"మాడనీ. గెలిచినాక అమ్మ చేత కోడికూర చేయిస్తా" అనేదాన్ని.

నాయనకు మాత్రం ఎదుటివాడు ఎవరో చెప్పలేదు. బావ పోటీ ఉంది, చూడ్డానికి పోదాం రమ్మన్నాను. నా లెక్క నాకుంది. తలకు హెడ్‌గార్డు ఉంటుంది, నోట్లో గార్డు ఉంటుంది, మనిషిని గుర్తుపట్టడం కష్టం. బావ వాణ్ణి చితక్కొట్టాక హెడ్‌గార్డు తీస్తారు. అప్పుడు ఆ వాచిపోయిన మొహాన్ని నాయన చూస్తాడు. చూసి నా వైపు తిరుగుతాడు. ఆ చూపు కోసం నేను మూడేళ్ళు కాచుకుని ఉన్నాను.

కాలేజీ గ్రౌండులో షామియానా వేశారు. టెంట్‌హౌస్ నుంచి తెచ్చిన స్టేజీ బల్లలు పరిచి, వాటి మీద కార్పెట్ బిగించి, నాలుగు మూలలా ఇనప స్తంభాలకు నైలాన్ తాళ్ళు కట్టారు. అదే రింగు. ముఖ్య అతిథి మధ్యాహ్నం దాకా రాలేదు. వచ్చాక శాలువాలు కప్పడానికే గంట పట్టింది. మైకు పట్టుకున్నాయన ఏళ్ళ తరబడి కబడ్డీకి కామెంటరీ చెప్పిన మనిషి. "రైడర్ రెడీ" అని నోరు జారి, జనం నవ్వితే సర్దుకున్నాడు.

బావతో నెల్లూరు నుంచి కోచ్ ఒక్కడే వచ్చాడు. రావాల్సిన ఇంకో కుర్రాడికి జ్వరమట. మూలలో బకెట్టూ స్టూలూ అందించడానికి ఒక మనిషి కావాలని కోచ్ అన్నాడు. వెంటనే నేను నాయనను ముందుకు తోశాను. "నువ్వు పో నాయనా, బకెట్టు పట్టుకో. దగ్గర నుంచి చూడొచ్చు" అన్నాను. ఈ పని చేసింది నేనే. ఇంకెవరినీ అనడానికి లేదు. కోచ్ "బెల్లు కొట్టేదాకా తాళ్ళు ముట్టుకోవద్దు పెద్దాయనా" అని చెప్పాడు. నాయన బకెట్టు పట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, స్తంభం పక్కన బుద్ధిగా నిలబడ్డాడు.

మొదటి రౌండు నాకు నచ్చలేదు. ఇద్దరూ గుండ్రంగా తిరగడమే సరిపోయింది. బావ ఎడమచెయ్యి అలా చాపి అలా లాక్కుంటున్నాడు. నేనేమో చెంప పగిలే దెబ్బ కోసం వచ్చాను. ఆ చిన్న చిన్న దెబ్బల విలువ నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడైతే గంటసేపు చెప్పగలను. వాడు మాత్రం జనం వైపు చూసి రెండుసార్లు చేతులు ఊపాడు. వాడి వైపు వాళ్ళు లారీల్లో వచ్చారు, ఈలలు మోగిపోయాయి.

రెండో రౌండులో బావ వాడి కడుపులో ఒకటిచ్చాడు. వాడి చేతులు కిందికి దిగాయి. అప్పుడు కుడిచెయ్యి సరిగ్గా ముక్కు మీద పడింది. ఆ చప్పుడు విన్నాను. బస్సులో విన్న చప్పుడు కన్నా మెత్తగా ఉంది, కానీ నాకు చాలు. వాడు తాళ్ళ మీదికి పోయాడు. ముక్కులోంచి రక్తం కారింది. రిఫరీ మధ్యలోకి వచ్చి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. వాడు తల ఊపాడు. మళ్ళీ మొదలైంది.

నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా జన్మలో అంతగా ఎప్పుడూ సంతోషపడలేదు. "కొట్టు బావా! ముక్కు మీదే కొట్టు! ఇంకొకటి!" అని గొంతు బొంగురుపోయేలా అరిచాను. చుట్టూ అందరూ కుర్చీల మీదే ఉన్నారు. వాడి మనుషులు కూడా వాణ్ణి తిరిగి కొట్టమని అరుస్తున్నారు. బావ రెండు, మూడు, నాలుగు వేశాడు. వాడు ఒక మోకాలి మీద కూలబడ్డాడు. చెయ్యి ఆసరా కోసం గాల్లో వెతుక్కుంటోంది. ఇక అయిపోయినట్టే అనుకున్నాను.

అప్పుడు మా నాయన బకెట్టు కింద పెట్టి, తాళ్ళ మధ్యలోంచి దూరి, రింగులోకి ఎక్కాడు.

పంచె తాడుకు తగులుకుంటే విడిపించుకుని మరీ పోయాడు. మా ఊళ్ళలో ఇద్దరు కొట్టుకుంటుంటే పెద్దవాళ్ళు మధ్యలో పడి విడదీస్తారు. అదొక పని. దానికి ఎవర్నీ పిలవక్కర్లేదు. నాయన సరిగ్గా ఆ పనే చేశాడు. ఒక చేత్తో బావ ఛాతీని అడ్డుకుని, "చాల్లే నాయనా, చాలు, పడిపోయినాడు" అన్నాడు. ఇంకో చేత్తో వాణ్ణి చంక కింద పట్టుకుని లేపాడు. భుజం మీది తువ్వాలు తీసి వాడి ముక్కు దగ్గర పెట్టాడు. రిఫరీ వైపు తిరిగి, "పక్కనే ఉండి చూస్తా ఉండావే, విడదీసేది లేదా?" అని అడిగాడు. 

బల్ల దగ్గర పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. ఫైటు నడుస్తుండగా ఒక మూల మనిషి లోపలికి వస్తే ఆ మూల వాడు ఓడిపోయినట్టే. రూలు అంతే. రిఫరీ ఇద్దరి చేతులూ పట్టుకుని మధ్యలో నిలబడి, కర్చీఫు వాడి చెయ్యి పైకెత్తాడు. వాడికే నమ్మకం కుదరలేదు. నాయన ఇచ్చిన తువ్వాలును ముక్కుకు అదుముకుని, ఇంకో చెయ్యి పైకెత్తించుకుని, పిచ్చిచూపులు చూశాడు. ఆ తువ్వాలు మా అమ్మ ఉతికింది.

"ఎందుకొచ్చినావు మామా?" అన్నాడు బావ. ఏడుస్తున్నాడు.

"వాడి పని అయిపోయింది కదరా. ఇంకా ఎందుకు కొట్టడం?" అన్నాడు నాయన.

తిరుగు బస్సులో నాయన పక్కన నేను కూర్చోలేదు. వెనక సీటుకు పోయాను. ఎవరికి చెప్పుకోను? చెంపదెబ్బ తిన్న మనిషే పోయి కొట్టినవాణ్ణి గెలిపించి వచ్చాడు. అమ్మ కోడికూర చేసి పెట్టింది, ఎవరూ సరిగా తినలేదు. నాయనతో పది రోజులు మాట్లాడలేదు. బావ ఆ తరువాత బాక్సింగ్ మానేశాడు. ఇప్పుడు వింజమూరులో టైర్ల షాపు పెట్టుకున్నాడు, ఆ కథ చెప్పి షాపుకొచ్చిన వాళ్ళను నవ్విస్తుంటాడు. నాకు నవ్వు రాదు.

గెలిచినవాడికి ఇంకా పెద్ద ఫ్లెక్సీ వేశారు. ఆత్మకూరు బస్టాండులో, సరిగ్గా నేను బస్సు దిగే చోట. చాంపియన్ అట. ఒక రోజు నేను టిఫిన్ బాక్సులోంచి చెక్క ఫోర్కు తీసి, ఎవరూ లేనప్పుడు వాడి కళ్ళు రెండూ గీకేశాను. నాయన చేసిన ఫోర్కు అది. చాలా గట్టిది, ఒక్క పన్ను కూడా విరగలేదు. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు.

కళ్ళు గీకడంతో పగ తీరలేదు. బాక్సింగ్ చూడటం మొదలుపెట్టాను. మొదట్లో ప్రతి ఫైటులో ఓడిపోతున్నవాడి మొహం మీద వాడి మొహం పెట్టుకుని చూసేదాన్ని. ఏళ్ళు గడిచేకొద్దీ ఆట మీద నిజంగానే ఇష్టం పుట్టింది. అభిమానినైంది ఇలా. గ్రూపులో వాళ్ళ తీపి జ్ఞాపకాల మధ్య ఇది ఎలా రాయను?

మొన్న ఆ ప్రశ్న వచ్చిన వారంలోనే ఇంకొకటి జరిగింది. ఆత్మకూరులో ఒక మందుల షాపు దగ్గర నిలబడి ఉన్నాను. పక్కన ఒక కారు ఆగింది. వాడు దిగాడు. ఒళ్ళు చేశాడు, ముక్కు కొంచెం వంకరగా ఉంది. నన్ను చూసి, చూసి, "మీ నాయన గదా ఆరోజు రింగులోకొచ్చింది? నిన్ను ఆ ఫైటుకాడ చూసినా. బాగుండాడా? మంచోడు. అడిగినానని చెప్పు" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. బస్సు వాడికి గుర్తు లేదు. కర్చీఫు గుర్తు లేదు. నా నోట్లో ఇన్నేళ్ళ మాటలన్నీ వరసలో నిలబడ్డాయి.  మందులు తీసుకుని వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి నాయన వసారాలో కూర్చుని గరిటెను ఆకురాయితో అరగదీస్తున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"ఆరోజు రింగులో నువ్వు లేపింది ఎవర్నో తెలుసా నీకు?"

"తెలుసు" అన్నాడు, చేతిలో పని ఆపకుండా.

 ఇన్నేళ్ళూ హెడ్‌గార్డు వల్ల గుర్తుపట్టలేదనే అనుకున్నాను. ఆ ఒక్క సర్దుబాటుతోనే ఆయన్ని క్షమించాను.

"ఎప్పుడు తెలిసింది?"

"వాడు రింగులోకి ఎక్కతానే. ఆ నడక మర్చిపోతానా నేను?"

"తెలిసి కూడా పోయినావా? వాడు నిన్ను కొట్టినాడు నాయనా!"

ఆకురాయి ఆపాడు. గరిటెను వెలుతురుకు ఎత్తి చూసి, పొట్టు ఊది, నెమ్మదిగా చెప్పాడు.

"దెబ్బదేముండాది పాపా, సాయంత్రానికి పోయినాది. ఆ బస్సులో కింద గరిటెలు ఏరతా, ఎవురన్నా ఒకరు లేచి ఒద్దబ్బా అంటారేమోనని చూసినాను. ఒక్కరంటే ఒక్కరు లేయలా. అది మాత్రం పోలేదు నాకు. ఆరోజు రింగులో వాడు కిందపడి ఉంటే, చుట్టూ అంతమంది కుర్చీలెక్కి చూస్తా ఉండారు. మళ్ళీ అదే బస్సులో ఉన్నట్టు అనిపించినాది. ఎవురో ఒకరు లేయాల గదా."

మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. నన్ను ఏమీ అనలేదు. నా వైపు చూడను కూడా లేదు.

ఆ రాత్రి పడుకునే ముందు అలవాటు ప్రకారం తిట్లు మొదలుపెట్టాను. వాడు, వాడి స్నేహితుడు, కండక్టరు, మాస్టరు, పేపరాయన, పూలబుట్టావిడ. అక్కడితో జాబితా అయిపోవాలి. అవలేదు. ఒక గరిటె దొర్లుకుంటూ కిటికీ పక్క సీటు కిందికి కూడా వచ్చింది. నాయన చెయ్యి దానికోసం లోపలికి వచ్చింది, నా చెప్పుల దాకా. పదో తరగతి పరీక్షలు రాసి, ఫస్టు క్లాసు వస్తుందని ఊరంతా చెప్పుకుంటున్న ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ, రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఒక్కదాన్నే ఏమీ అనకుండా వదిలేశాను.